డిండి చేపల కోసం చీకట్లో ప్రయాణం

నల్గొండ నుంచి శ్రీశైలం వెళ్లేటప్పుడు డిండి జలాశయం దగ్గరి చేపల హోటల్‌ను చూసి కూడా ఆగం. దర్శనం కాకుండా నీచు ముట్టకూడదన్నది మా అత్తమ్మ నియమం. అందుకే మా ఆశంతా తిరుగు ప్రయాణం మీదే.

జనవరిలో వెళ్లాం. ఫరహాబాద్ సఫారీలో జింకలు కనిపించాయి, దర్శనం ప్రశాంతంగా జరిగింది. బస మాత్రం మనసు విరిచేసింది. ఫోనులో గది 1,800 అన్న లాడ్జివాళ్లు ఖాళీ చేసేటప్పుడు 2,600 అడిగారు. రెండు పరుపులకు 600, నాలుగు బకెట్ల వేడినీళ్లకు 200 అట! చిన్నపిల్లతో వచ్చిన వాళ్ల దగ్గర స్నానం నీళ్లకు డబ్బులు గుంజడం అన్యాయం. గంటన్నర వాదించినా తగ్గలేదు. వేడినీళ్ల సంగతి కూడా ముందే అడిగి రాయించుకోండి.

బయలుదేరేసరికి పావుతక్కువ ఆరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. అడవిలో వేగంగా నడపకూడదు, నడపలేం కూడా. మా వారికి గేటు దిగులు, నాకు హోటల్ మూసేస్తారేమోనని. అత్తమ్మ కోపంతో దారి పొడవునా నోరు విప్పలేదు.

డిండి చేరేసరికి పావుతక్కువ తొమ్మిది. పొయ్యి ఇంకా ఆర్పలేదు. తొట్టిలో ఒక్క కొర్రమీను మిగిలింది. నీళ్లపైకి మూతి ఎత్తి గాలి పీల్చి మళ్లీ మునుగుతోంది. కొర్రమీను అంతే, గాలి పీల్చి బతుకుతుంది కాబట్టి ప్రాణంతోనే దొరుకుతుంది. వండే ఆమె దాన్ని మా ముందే తూచి, కోసి, జిగురు పోయేదాకా కల్లుప్పుతో బండమీద రుద్ది రుద్ది కడిగింది. ఆ ఓపిక కోసమే నేను అక్కడికి వెళతాను. సగం ఇనుప పెనం మీద వేయించింది, సగం పులుసు పెట్టింది. చింతపండు పులుపు, వెనకనుంచి మెంతుల చిరుచేదు. నడిముల్లు తీసేస్తే మా ఏడేళ్ల పాప తనంతట తానే తినగలిగింది. పిల్లలుంటే బొచ్చె అడగకండి, ముళ్లెక్కువ. ముందే వేయించి పెట్టిన ముక్కలూ వద్దు.

కిలో చేప 550, వండినందుకు 150, నాలుగు జొన్నరొట్టెలు 100, రెండు ప్లేట్ల అన్నం 120. మొత్తం 920. చెప్పిన ధరకు ఒక్క రూపాయి ఎక్కువ లేదు.

“మెంతులు వేయించి నూరావా బిడ్డా?” అని అత్తమ్మ అడిగారు. సాయంత్రం నుంచి అదే ఆమె మొదటి మాట. మిగిలిన పులుసును స్టీలు డబ్బాలో పోయించుకుని, ప్రసాదం సంచిని ముందు సీట్లోకి పంపించి, డబ్బాను నల్గొండ దాకా ఒళ్లోనే పెట్టుకున్నారు.