హాన్లేలో మూడు రాత్రులు

నక్షత్రాలు చూడడానికి వెళ్లేవాళ్లు బస మాట్లాడుకునేటప్పుడు వేడినీళ్ల సంగతి తర్వాత అడగవచ్చు. రాత్రి వాకిట్లో దీపాలు ఆర్పుతారా అని ముందు అడగాలి. ఈ తెలివి నాకు లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు ఒడ్డున వచ్చింది.

సెప్టెంబరు చివరి అమావాస్యకు తమ్ముడూ నేనూ లద్దాఖ్ వెళ్లాం. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది, చుక్కలు చూడడానికి మేం వెళ్లే హాన్లే అనే ఊరు ఇంకా పైన. అందుకే ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలని లేహ్‌లో రెండు రోజులు ఊరికే తిరిగాం. ఆ రెండు రోజులు దండగ అనుకుని ఎగ్గొడితే హాన్లేలో తలనొప్పితో దుప్పటి కింద ముడుచుకోవడమే. సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతుల నిబంధనలు కూడా అక్కడే కనుక్కోవడం మేలు.

పాంగాంగ్‌లో దిగిన గుడారాల బసకు 'నక్షత్ర వీక్షణ వేదిక' ఉందని చెప్పారు. ఉంది. దాని చుట్టూ రంగురంగుల బల్బుల తోరణాలు! ఒక గంట ఆర్పమని అడిగితే, "ఫొటోలు బాగా రావు సార్, మిగతావాళ్లు ఒప్పుకోరు" అన్నాడు మేనేజరు. పడక మెత్తగా ఉంది, భోజనం వేడిగా ఉంది, తప్పు పట్టను. పదకొండుకు జనరేటరు ఆగాక ఆకాశం విప్పారింది కాని, అప్పటికే ధనుస్సు కొండల వెనక్కి దిగిపోయింది. చుక్కల కోసమే వెళ్లేవాళ్లకు ఆ బస వద్దంటాను.

హాన్లేలో ఒక ఇంట్లో గది తీసుకున్నాం. స్నానానికి బకెట్ నీళ్లు, మరుగుదొడ్డి బయట. తెల్లవారి చూస్తే నీళ్ల సీసాలో మంచు పలుకులు. కాని చీకటి పడగానే ఇంటావిడ వంటింటి కిటికీకి నల్లటి పరదా లాగి, వాకిట్లో బల్బు తీసేసింది. చుట్టుపక్కల ఇళ్లలోనూ అంతే. 2022 డిసెంబరులో ఇక్కడ 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కొండ మీద 4,500 మీటర్ల ఎత్తున రెండు మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. దాన్ని నడిపేది మాత్రం బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి.

ఊళ్లో కొందరికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు కూడా ఇచ్చింది. మాకు ఆకాశం చూపించిన అమ్మాయి అలాంటి ఒకరు. రాగానే ముందు మా ఫోన్లు జేబుల్లో పెట్టించింది. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట పడుతుంది, ఒక్క తెల్లటి వెలుగు తగిలితే మళ్లీ మొదటికే. ఆమె చేతిలో ఎర్ర దీపం తప్ప మరేమీ లేదు.

టెలిస్కోపుకు మోటారు లేదు. చూస్తుండగానే నక్షత్రం అంచు వైపు జారిపోతుంది, వేలితో కొంచెం నెడితే మళ్లీ మధ్యకు వస్తుంది. భూమి తిరుగుతోందని పుస్తకంలో చదవడం వేరు, ఇలా వేలి కొసకు తెలియడం వేరు. దేవయాని (ఆండ్రోమెడా) గెలాక్సీని సూటిగా చూస్తే మసక మరకే. "పక్కకు చూడండి" అంది. కంటిపాప కాస్త పక్కకు తిప్పగానే ఆ మరక సాగి, చూపు మేరంతా పరుచుకుంది. ఆ వెలుగు బయలుదేరి ఇరవై అయిదు లక్షల ఏళ్లయింది. తమ్ముడు ఊపిరి బిగపట్టడం మరిచి టెలిస్కోపులో కన్ను ఆనించే కటకాన్ని ఆవిరితో ముంచేశాడు. అది తేటపడేదాకా వాణ్ణి తిడుతూ నిలబడ్డాం.

తొమ్మిదింటికి తూర్పు కొండ మీద పిల్లలకోడి, అంటే కృత్తికల గుంపు, లేచింది. మన వైపు కన్నా ఇక్కడ ధ్రువుడు దాదాపు రెట్టింపు ఎత్తున ఉంటాడు. దానికి బదులుగా దక్షిణాన కొంత కోల్పోతాం. అగస్త్య నక్షత్రం కొండలు దాటి కనిపించడం కష్టం. వృశ్చికం తోక, ధనుస్సు చూడాలంటే నిజానికి మన పల్లెటూరి మేడే నయం, చీకటి దొరికితే.

రెండో రాత్రి మబ్బు. పైగా ఎవరో కారు హెడ్‌లైట్లు వేసుకుని ఇంటి ముందుకే వచ్చారు. ఇలాంటి రాత్రి ఒకటి పోతుందని లెక్కేసుకుని కనీసం మూడు రాత్రులు ఉండండి.

మూడో రాత్రి తెల్లవారుజామున తూర్పున వాలుగా ఒక వెలుగు గోపురం లేచింది. తెల్లవారిందనుకుని తమ్ముడు దుప్పట్లు మడవబోయాడు. గ్రహాలు తిరిగే తలంలోని ధూళి మీద సూర్యకాంతి పడి కనిపించే రాశిచక్ర కాంతి అది. పొయ్యికి పిడకలు తీసుకెళ్తున్న ఇంటావిడ మమ్మల్ని చూసి నవ్వి, "ఇంకా గంట ఉంది, కూర్చోండి" అంది.