క్రెడిట్ కార్డు వాళ్లు ‘ఉపశమన పథకం’ అంటే ఫోన్‌లో అవునని చెప్పకండి

కార్డు బకాయి నెత్తిమీద ఉండి ఈ మధ్య జీతం తగ్గినవాళ్లు దయచేసి ఇది చదవండి. కోపం ఇంకా చల్లారలేదు, ఒక వరుసలో చెప్పలేకపోతే క్షమించండి.

మా దగ్గర పనిగంటలు తగ్గించారు, జీతమూ తగ్గింది. సరిగ్గా అప్పుడే కార్డు వడ్డీని నెలకు 3 శాతం నుంచి 3.5 శాతానికి పెంచుతున్నట్టు సందేశం వచ్చింది. అర శాతమే కదా అనుకోకండి. ఏడాదికి 36 శాతం ఉన్నది 42 అవుతుంది, చక్రవడ్డీతో 51 దాటుతుంది. బకాయిలో 5 శాతం చొప్పున మినిమమ్ డ్యూ, అంటే నెలనెలా కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కడుతూ, కొత్తగా ఒక్క వస్తువు కూడా కొనకుండా ఉన్నా, 100 బాకీకి ఏడాదిలో దాదాపు 57 కడతాం. అప్పటికీ 82 దాకా మిగిలే ఉంటుంది. ఈ లెక్క చూసి భయపడి ఆ సంస్థకు ఫోన్ చేశాను.

జీతం తగ్గిందని దాచకుండా చెప్పాను. వడ్డీ తగ్గించే మార్గం ఏదైనా ఉందా అని అడిగాను. ఆ ఉద్యోగి ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. “మీలాంటి వారి కోసమే ఉపశమన పథకం ఉంది మేడమ్. బకాయి మొత్తాన్ని 12 నెలల వాయిదాలుగా మారుస్తాం. వడ్డీ నెలకు 1 శాతమే” అన్నాడు. నేను స్పష్టంగా అడిగాను: “ఈ 1 శాతం ప్రతి నెలా మిగిలిన బాకీ మీదేనా, మొదటి మొత్తం మీదా?” “మిగిలిన బాకీ మీదే మేడమ్” అన్నాడు. ఆ మాట నమ్మి సరేనన్నాను.

తర్వాత మెయిల్‌లో వచ్చిన పత్రంలో ఉన్నది ఫ్లాట్ వడ్డీ. అంటే నెలనెలా అసలు తీరుతున్నా, వడ్డీ మాత్రం చివరి వాయిదా దాకా మొదటి మొత్తం మీదే. ఆ పద్ధతిలో నెలకు 1 శాతం అంటే నిజానికి ఏడాదికి 12 కాదు, దాదాపు 21.5 శాతం. దానిపైన ప్రాసెసింగ్ రుసుము. ముందే తీర్చేస్తే దానికీ రుసుము. ఫోన్‌లో ఈ రెండింటి ఊసే లేదు.

మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి మాట్లాడినది పై అధికారి. మొదటిసారి నాకు చెప్పిన మాట ఇదీ అంటే, ఆయన నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు. “మీరు ఒప్పుకున్నారు, అది మా దగ్గర రికార్డయి ఉంది. మీ ఆదాయం తగ్గితే మేమేం చేయగలం?” అన్నాడు. ఒప్పుకోవడానికి ముందు నేనడిగిన ప్రశ్నా, మీ ఉద్యోగి ఇచ్చిన జవాబూ అదే రికార్డులో ఉంటాయి కదా, వినండి అన్నాను. ఫోన్ పెట్టేశాడు. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కష్టంలో ఉన్నానని నోరు తెరిచి చెప్పుకున్న మనిషితో మాట్లాడే పద్ధతి ఇదా?

నిజమే, 42 కంటే 21.5 తక్కువే. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే బహుశా నేనే సరేననేదాన్ని. అబద్ధం చెప్పి ఒప్పించాల్సిన అవసరం ఏముంది? లిఖితపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను, ఆ ఫోన్ సంభాషణ రికార్డు కావాలని అందులోనే అడిగాను. వదిలిపెట్టను.

మీరు చేయాల్సింది ఇంతే. ఏ పథకమైనా తగ్గే బాకీ మీద ఏడాదికి ఎంత శాతమో, రుసుములన్నీ కలిపి మొత్తం ఎంత కట్టాలో రాతలో తెప్పించుకుని, చదివాకే సరేననండి. పాత బకాయి ఉన్న కార్డుతో కొత్తగా ఏమీ కొనకండి. బకాయి మిగిలి ఉంటే సాధారణంగా వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డు మీద నగదు అసలే తీయొద్దు. వడ్డీ రోజువారీ బకాయి మీద లెక్కిస్తారు కాబట్టి చేతికి డబ్బు అందగానే కొంతైనా కట్టేయండి, గడువు తేదీ దాకా ఆగకండి. రెండు మూడు కార్డులుంటే అన్నిటికీ మినిమమ్ కట్టి, మిగిలిందంతా వడ్డీ ఎక్కువున్న దానికే కట్టండి.