యూరప్‌కి ‘అన్‌లిమిటెడ్’ ఈ-సిమ్ కొంటున్నారా? దారిలో స్విట్జర్లాండ్ ఉంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ప్రీ-వెడ్డింగ్ షూట్‌కైనా, పిల్లల సెలవుల్లో టూర్‌కైనా మనవాళ్లు ఎక్కువగా పట్టే యూరప్ దారి ఒకటుంది. పారిస్‌లో దిగి, అక్కణ్ణుంచి రైల్లో స్విట్జర్లాండ్ వెళ్లి, తర్వాత ఇటలీ చూసుకుని తిరుగు ప్రయాణం. సరిగ్గా ఆ దారిలో వెళ్లేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మ్యాప్‌లు, వాట్సాప్ చూసుకుంటే చాలనుకునేవాళ్లకి అంత నష్టం ఉండకపోవచ్చు. వీడియోలు తీసి ఏ రోజుకారోజు పంపాల్సినవాళ్లు, ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ పెట్టుకుని పని చేసేవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను. పెళ్లి కుదిరిన జంట, కెమెరామన్, నేను కలిసి వెళ్లాం. పగలు తీసినవాటిలో మంచి ముక్కలు ఏరి రాత్రికల్లా హైదరాబాద్‌లో మా స్టూడియోకి పంపితే, అక్కడివాళ్లు కలర్ సరిచేసి తెల్లారేసరికి రీల్ కట్ చేస్తారు. డేటా లేకపోతే ఆ పూట పని ఆగినట్టే. ఈ సంగతంతా వివరంగా చెప్పి, ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర ఈ-సిమ్‌లు (కార్డు లేకుండా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్లోకి వచ్చే సిమ్‌లు) తీసుకున్నాం. పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఇదే సరుకు ఇదే మాటలతో అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

వాట్సాప్‌లో పంపిన బొమ్మ మీద ‘యూరప్ అన్‌లిమిటెడ్ 5జీ’ అని పెద్దక్షరాల్లో ఉంది. “స్విట్జర్లాండ్ వస్తుందా అండీ, మా షూట్ సగం అక్కడే” అని అడిగాను. “యూరప్ మొత్తం వస్తుంది సార్, మీరేం టెన్షన్ పడొద్దు” అని వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. మీరు కూడా ఇలాంటివేవీ డిలీట్ చేయకండి, తర్వాత అవే సాక్ష్యాలవుతాయి.

మొదటి దెబ్బ పారిస్‌లోనే తగిలింది. ఐఫిల్ టవర్ ఎదురుగా ట్రొకాదెరో దగ్గర పొద్దున షూట్ చేసినంతసేపూ నెట్ బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం హోటల్‌కి వచ్చి అప్‌లోడ్ పెడితే గీత కదలదు. గోడల వల్ల సిగ్నల్ అందట్లేదేమో అని గది మారాం, ఫోన్ ఆపి ఆన్ చేశాం. 5జీ గుర్తు నిండుగానే కనిపిస్తోంది. స్పీడ్ టెస్ట్ చేస్తే 0.12 ఎంబీపీఎస్ దగ్గర ఆగింది. అప్పుడు ఆ ఈ-సిమ్ కంపెనీ వెబ్‌సైట్‌లో షరతుల పేజీ తెరిచి, అడుగు దాకా వెళ్లి చూస్తే అసలు విషయం తెలిసింది. రోజుకి 2 జీబీ వరకే మామూలు వేగం, ఆ తర్వాత 128 కేబీపీఎస్. మాకు పంపిన బొమ్మలో గానీ, డబ్బు కట్టిన లింకులో గానీ ఈ ముక్క ఎక్కడా లేదు.

128 కేబీపీఎస్ అంటే ఎంతో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఆ అంకె వినడానికి పెద్దగానే ఉంటుంది. అది కిలోబిట్లలో చెప్పే లెక్క. కిలోబైట్లలోకి మార్చాలంటే ఎనిమిదితో భాగించాలి. అంటే సెకనుకి 16 కిలోబైట్లు. ఒక ఎంబీ వెళ్లడానికి నిమిషం పైనే పడుతుంది. ఐఫోన్‌లో 4కే వీడియో 30 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 170 ఎంబీ అవుతుంది, కెమెరా సెట్టింగుల్లోనే ఆ అంకె రాసి ఉంటుంది. ఆ ఒక్క నిమిషం వీడియో ఈ వేగంతో పంపాలంటే మూడు గంటలు. మధ్యలో తెగకుండా ఉంటేనే ఆ మూడు గంటలు. ఇటు నుంచి చూస్తే, రోజుకి ఇచ్చే 2 జీబీ పన్నెండు నిమిషాల 4కే వీడియోకి సరి. 60 ఫ్రేములతో తీసేవాళ్లకి నిమిషానికి 400 ఎంబీ, వాళ్లకి అయిదు నిమిషాలే. మరి ఎంత సేపు పంపినా అన్‌లిమిటెడే అంటారు, ఎందుకంటే నెట్ ‘ఆగలేదు’ కదా! కంపెనీ చాట్‌లో నాకు చెప్పిన సమాధానం అచ్చంగా ఇదే: మీ కనెక్షన్ పనిచేస్తూనే ఉంది కాబట్టి సేవ అందినట్టే.

హాట్‌స్పాట్ సంగతి ఇంకోటి. ల్యాప్‌టాప్ ఫోన్‌కి కనెక్ట్ అయినట్టే చూపించేది, పేజీ మాత్రం తెరుచుకునేది కాదు. అన్‌లిమిటెడ్ అని అమ్మే ప్లాన్లలో చాలావాటికి హాట్‌స్పాట్ అసలు ఉండదు, ఉన్నా రోజుకి ఇంత అని వేరే పరిమితి పెడతారు. కెమెరా కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టి పంపాల్సిన మాలాంటివాళ్లకి ఇదొక్కటి చాలు చేతులు కట్టేయడానికి. ప్రతి ఫైలూ ముందు ఫోన్లోకి ఎక్కించి, అక్కణ్ణుంచి పంపాల్సి వచ్చింది.

ఇదంతా ఒక ఎత్తు, స్విట్జర్లాండ్ ఒక ఎత్తు. పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్‌లో జూరిక్ వెళ్లే రైలెక్కాం. నాలుగు గంటల ప్రయాణం. ఫ్రాన్స్ దాటి బాసెల్ స్టేషన్లోకి వచ్చేదాకా ఎలాగో ఒకలా నెట్ నడిచింది. బాసెల్ తర్వాత నలుగురి ఈ-సిమ్‌లలోనూ ఒకేసారి పోయింది. సిగ్నల్ గీతలున్నాయి, స్విస్ నెట్‌వర్క్ పేరు కూడా పైన కనిపిస్తోంది, డేటా మాత్రం సున్నా. జూరిక్‌లో దిగి ఇంటర్‌లాకెన్ రైలు ఏ ప్లాట్‌ఫామో చూడటానికి కూడా ఫోన్ అక్కరకు రాలేదు. స్టేషన్లో ఉచిత వైఫైకి ప్రయత్నిస్తే, ఫోన్ నంబరు కొడితే కోడ్ పంపుతామంది. మా ఈ-సిమ్ డేటాకి మాత్రమే, దానికి నంబరే లేదు. చివరికి ఇండియా సిమ్‌కి వచ్చిన కోడ్‌తో వైఫై దొరికాక ఏజెంటుకి ఫోన్ చేస్తే, “ఆ ప్లాన్‌లో స్విట్జర్లాండ్ రాదు సార్, దానికి టాప్-అప్ వేసుకోవాలి” అన్నారు. అదే గొంతు, అదే మనిషి.

ఎందుకిలా అవుతుందో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను, అందరికీ తెలియాలని రాస్తున్నాను. మనం వెళ్లేది షెంగెన్ వీసా మీద, అంటే ఒకే వీసాతో చాలా యూరప్ దేశాలు తిరగొచ్చు. స్విట్జర్లాండ్ 2008 నుంచి షెంగెన్‌లో ఉంది, కాబట్టి సరిహద్దులో వేరే వీసా అడగరు. దాంతో మన దృష్టిలో అదంతా ఒకే యూరప్. ఫోన్ కంపెనీల లెక్క వేరు. వాళ్లు చూసేది యూరోపియన్ యూనియన్‌ని. 2017 జూన్ 15 నుంచి ఆ యూనియన్ దేశాల్లో రోమింగ్‌కి అదనపు ఛార్జీ వేయకూడదని నిబంధన వచ్చింది. యూనియన్‌లోని 27 దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టెయిన్ కూడా దాని కిందికి వస్తాయి. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు, ఆ నిబంధనలోనూ లేదు. అక్కడి కంపెనీలు బయటి సిమ్‌కి ఎంతైనా వసూలు చేసుకోవచ్చు. అందుకే చౌకగా అమ్మే ‘యూరప్’ ప్లాన్లు చాలావరకు దాన్ని మెల్లగా పక్కన పెడతాయి. మా ప్లాన్ దేశాల జాబితా చూస్తే స్విట్జర్లాండ్ పక్కనే గుప్పెడంత ఉన్న లీచ్‌టెన్‌స్టెయిన్ ఉంది, స్విట్జర్లాండ్ లేదు. బ్రిటన్ కూడా అంతే, యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది. లండన్ కూడా కలిపి వెళ్లేవాళ్లు ఆ పేరు విడిగా వెతకండి. ‘యూరప్ 30+ దేశాలు’ అన్న మాట నమ్మకండి, ఒక్కో దేశం పేరు కళ్లారా చూడండి.

ఇంకో ప్రమాదం దీనికి తోడుగా వస్తుంది, నా దృష్టిలో డబ్బు పరంగా ఇదే అన్నిటికన్నా పెద్దది. డేటా సిమ్‌లో నెట్ పోయినప్పుడు, ఫోన్ తనంతట తానే రెండో సిమ్ డేటాకి మారే సెట్టింగ్ ఒకటుంది. ఐఫోన్‌లో సెల్యులార్ డేటా స్విచింగ్ అంటారు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఉంది. ఓటీపీల కోసం ఇండియా సిమ్ ఆన్‌లో ఉంటుంది కదా, దానికి డేటా రోమింగ్ కూడా ఆన్‌లో ఉండి, ప్యాక్ లేకపోతే, ఎంబీకి ఇంత అని మామూలు రోమింగ్ రేటు పడుతుంది. బాసెల్ దాటాక పెళ్లికొడుకు ఫోన్లో జరిగింది అదే. వాట్సాప్‌కి మెసేజ్‌లు వస్తున్నాయని సంబరపడ్డాం. అరగంటలో ఆయన పోస్ట్‌పెయిడ్ నంబరుకి ఛార్జీల హెచ్చరికలు వరసగా మొదలయ్యాయి. గుండె గుభేలుమంది. కాబట్టి విమానం ఎక్కే ముందే ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆపేయండి, డేటా స్విచింగ్ కూడా ఆపేయండి. ఎస్సెమ్మెస్‌లు అందుకోవడానికి డేటాతో పని లేదు, సిమ్‌కి మామూలు రోమింగ్ ఉంటే ఓటీపీలు వస్తాయి. వాట్సాప్ కూడా ఏ సిమ్ నెట్ మీదైనా మీ పాత నంబరుతోనే నడుస్తుంది. అలాగే గూగుల్ ఫోటోస్, ఐక్లౌడ్ బ్యాకప్‌లు మొబైల్ డేటా మీద నడవకుండా చూసుకోండి. రోజు కోటా 2 జీబీ అయినప్పుడు, పొద్దుటి ఫోటోలన్నీ ఎక్కించేసి అవే సగం తినేస్తాయి.

చివరికి ఇంటర్‌లాకెన్‌లో ఒక దుకాణానికి వెళ్లి స్థానిక ప్రీపెయిడ్ సిమ్ తీసుకున్నాం. పాస్‌పోర్టు చూపించాలి, రిజిస్టర్ చేసి ఇస్తారు. ఖరీదు ఎక్కువే, కానీ లౌటర్‌బ్రునెన్ లోయలో స్టౌబాక్ జలపాతం కింద నిలబడి అక్కడికక్కడే క్లిప్పులు పంపగలిగాం. హాట్‌స్పాట్ కూడా ఏ పేచీ లేకుండా నడిచింది. తర్వాత మిలాన్ వెళ్లే రైల్లో సింప్లాన్ సొరంగం దాటి దోమోదొసోలా రాగానే, అంటే ఇటలీలోకి రాగానే, ఆ స్విస్ సిమ్ ఆగిపోయింది, పాత ఈ-సిమ్ ప్రాణం పోసుకుంది. మా దారిలో నిజానికి రెండు వేర్వేరు ప్లాన్లు కావాలి. ఆ మాట ముందే చెప్పి ఉంటే, రెండిటికీ కలిపి అయ్యే ఖర్చు మేం ఏజెంటుకి కట్టినదానికన్నా ఏమంత ఎక్కువ కాదు.

ఫ్రాన్స్‌లోనో ఇటలీలోనో స్థానిక సిమ్ కొంటే సరిపోతుందిగా అనేవాళ్లకి ఒక మాట. మంచి ఆలోచనే. కాకపోతే ప్యాకెట్ మీద కనిపించే పెద్ద జీబీ అంకె చాలాసార్లు ఆ దేశంలో వాడుకోవడానికే. మిగతా యూనియన్ దేశాల్లో వాడుకునే కోటా అందులో కొంత భాగమే, చిన్నక్షరాల్లో విడిగా రాస్తారు. స్విట్జర్లాండ్ ఉందా లేదా అన్నది అక్కడ కూడా విడిగా అడగాల్సిందే.

డబ్బు వాపసు సంగతి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక వాపసు లేదు అన్నది ఈ-సిమ్ కంపెనీలు చాలావరకు పెట్టే షరతు. ఏజెంటు కంపెనీని చూపిస్తారు, కంపెనీ ఏజెంటుని చూపిస్తుంది. మాకు కంటితుడుపుగా తర్వాతి ప్రయాణానికి డిస్కౌంట్ కూపన్ ఇస్తామన్నారు, వద్దన్నాం. వాయిస్ మెసేజ్, ఆ బొమ్మ, తేదీలతో ఉన్న స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు, దేశాల జాబితా పేజీ అన్నీ జత చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. క్రెడిట్ కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో కూడా డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న ఊళ్లోని జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, అమ్మినవాళ్ల ఊరికి పరిగెత్తక్కర్లేదు. అవసరమైతే అక్కడికీ వెళ్తాను.

ఇంకొకటి కూడా గమనించండి. విదేశీ సిమ్‌లు మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉండాలి. అది లేదన్న కారణంతోనే 2024 జనవరిలో పేరున్న రెండు విదేశీ ఈ-సిమ్ యాప్‌లని మన దేశంలో యాప్ స్టోర్ల నుంచి తీసేయించారు. వాట్సాప్ గ్రూపుల్లో క్యూఆర్ కోడ్‌లు అమ్మేవాళ్లని ఎన్‌ఓసీ గురించి అడగండి. ఉన్నవాళ్లు చూపిస్తారు. మాట దాటేస్తే అక్కడితో వదిలేయండి.

ఈ సెలవుల్లో వెళ్లేవాళ్లు ఈ కింది మాటలు కాపీ చేసుకుని, డబ్బు కట్టే ముందు అమ్మేవాళ్లకి పంపండి. ఫోన్లో చెప్తానంటే ఒప్పుకోవద్దు, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి.

“నమస్కారం. మేం వెళ్తున్న దేశాలు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ. ఈ మూడూ ఈ ప్లాన్‌లో ఉన్నాయా, జాబితా పేజీ లింకు పంపండి. రోజుకి ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గుతుంది, తగ్గాక ఎంత ఉంటుంది? హాట్‌స్పాట్‌కి వేరే పరిమితి ఉందా? రోజు అంటే మొదటిసారి కనెక్ట్ అయిన దగ్గర్నుంచి 24 గంటలా, లేక అర్ధరాత్రితో మారుతుందా, అది ఏ దేశం అర్ధరాత్రి? గడువు క్యూఆర్ స్కాన్ చేసిన రోజు నుంచా, అక్కడ నెట్‌వర్క్ పట్టిన రోజు నుంచా? చెప్పినట్టు పనిచేయకపోతే స్కాన్ చేశాక కూడా డబ్బు తిరిగిస్తారా?”