ఎస్‌ఎంపీఎస్ టెస్టర్: ‘చెడిపోయింది’ అంటే నమ్మవచ్చు, ‘బాగుంది’ అంటే ఆగి ఆలోచించాలి

బటన్ ఎన్నిసార్లు నొక్కినా డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నప్పుడు, లోపం ఇంటి కరెంటును తక్కువ వోల్టులకు మార్చి అందించే ఎస్‌ఎంపీఎస్‌లో ఉందా, దాన్ని అందుకునే మదర్‌బోర్డులో ఉందా అన్నది తేలితే సగం పని అయినట్టే. అది తేల్చుకోవడానికే రెండేళ్ల కిందట అరచేతిలో ఇమిడే ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ ఒకటి కొన్నాను. బంధువుల, స్నేహితుల కంప్యూటర్లు కూడా మరమ్మతుకు నా దగ్గరికే వస్తుంటాయి కనుక ఇప్పటికి దాన్ని పదిసార్లకు పైగానే వాడి ఉంటాను. చాలాసార్లు నిమిషంలో చిక్కు విప్పింది. ఒకసారి మాత్రం వారం రోజులు తప్పుదోవ పట్టించింది. ఆ రెండో సంగతి పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు కాబట్టి ఈ సమీక్షలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పరికరం చూడటానికి చిన్న రేకు డబ్బాలా ఉంటుంది. ఒక అంచున 24 పిన్నుల సాకెట్, మిగతా అంచుల్లో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ వెళ్లే వైర్లకు, డిస్కుల వంటి వాటికి వెళ్లే సాటా, మోలెక్స్ కనెక్టర్లకు సాకెట్లు, మధ్యలో వెలుగుతూ కనిపించే చిన్న తెర ఉన్నాయి. దీనికి వేరే బ్యాటరీ అక్కర్లేదు, పరీక్షిస్తున్న ఎస్‌ఎంపీఎస్ నుంచే కరెంటు తీసుకుంటుంది. కంప్యూటర్ ప్లగ్ తీసేసి, మదర్‌బోర్డు నుంచి పెద్ద కనెక్టర్‌ను ఊడదీసి టెస్టర్‌కు తగిలించాలి. ఆ తరువాత మళ్లీ ప్లగ్ పెట్టి స్విచ్ వేస్తే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరుగుతుంది, టెస్టర్ ఒక్కసారి కీచుమంటుంది, తెర మీద 12, 5, 3.3 వోల్టులు, మైనస్ 12 వోల్టులు, స్టాండ్‌బై 5 వోల్టులు వేటి గడిలో అవి కనిపిస్తాయి. పీజీ అని రాసి ఉన్న గడి అన్నిటికన్నా ఆసక్తికరమైనది. తన వోల్టేజీలన్నీ స్థిరపడ్డాయని ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకు పంపే పవర్ గుడ్ సంకేతానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది చెబుతుంది. అది 100 నుంచి 500 మధ్య ఉండాలి. ప్రధానమైన వోల్టేజీలు 5 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు. అంటే 12 వోల్టుల వైరు మీద 11.4 కన్నా తక్కువగానీ 12.6 కన్నా ఎక్కువగానీ వస్తే అది పనికిరాదన్నమాట.

ఈ టెస్టర్ విలువ తెలియాలంటే డెస్క్‌టాప్ ఎలా ఆన్ అవుతుందో కొంత తెలిసి ఉండాలి. ముందువైపు ఉన్న బటన్ ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కనుండే స్విచ్ లాంటిది కాదు, అది కరెంటును కలపదు, తెంచదు. కంప్యూటర్ ఆపేసి ఉన్నా ప్లగ్‌లో ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ ఊదారంగు వైరు మీద 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటును మదర్‌బోర్డుకు పంపుతూనే ఉంటుంది. బటన్ నొక్కగానే మదర్‌బోర్డు ఆ కొద్దిపాటి కరెంటుతోనే మేలుకుని, ఆకుపచ్చ వైరును గ్రౌండుకు కలిపి, మిగతా వోల్టేజీలు ఇమ్మని ఎస్‌ఎంపీఎస్‌ను అడుగుతుంది. స్టాండ్‌బై దెబ్బతింటే ఈ వరుసంతా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

నేను మొదటిసారి టెస్టర్ వాడిన కంప్యూటర్‌లో జరిగింది సరిగ్గా ఇదే. మదర్‌బోర్డు మీద చిన్న ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంది గనుక కరెంటు అందుతోందనే అనుకున్నాను. టెస్టర్‌కు తగిలిస్తే తెర చీకటిగానే ఉండిపోయింది, ఫ్యాన్ కదలలేదు. కొత్త పరికరమే చెడిపోయి వచ్చిందేమోనన్న సందేహంతో దాన్ని నా సొంత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టి చూస్తే అంకెలన్నీ చక్కగా వచ్చాయి. అప్పుడు వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీసి పాత ఎస్‌ఎంపీఎస్ ఊదారంగు వైరు మీద పెడితే 5 వోల్టులు ఉండవలసిన చోట 3.6 కనిపించింది. ఎల్‌ఈడీ మినుకుమనడానికి అది సరిపోయిందిగానీ బోర్డు మేలుకోవడానికి సరిపోలేదు. ఎస్‌ఎంపీఎస్ మార్చగానే కంప్యూటర్ లేచింది.

మరో కంప్యూటర్ విషయంలో ‘బాగుంది’ అన్న తీర్పే ఉపయోగపడింది. అంకెలన్నీ సవ్యంగా ఉండటంతో, మదర్‌బోర్డు మీద పవర్ బటన్ వైర్లు వచ్చి కలిసే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించాను, వెంటనే ఆన్ అయింది. బటనే అరిగిపోయింది.

ఇక వారం పాటు నన్ను తిప్పిన కేసు. బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ రెండు సెకన్లు తిరిగి టక్కున ఆగిపోయేవి. టెస్టర్ మీద 12.1, 5.0, 3.3, పీజీ 280 మిల్లీసెకన్లు అని చూసి ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానితుల జాబితా నుంచి కొట్టేశాను. ర్యామ్‌లను ఒక్కొక్కటిగా మార్చి చూశాను, నాణెం ఆకారపు సీఎంఓఎస్ బ్యాటరీ తీసి పెట్టాను, గ్రాఫిక్స్ కార్డు పీకేశాను, ప్రాసెసర్ ఎత్తి సాకెట్‌లో ఏ పిన్ను అయినా వంగిందేమోనని టార్చిలైటు వేసి వెతికాను, బోర్డు కింద మరలేవైనా పడి షార్టు అవుతోందేమోనని మొత్తం బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టి చూశాను. ఏ మార్పూ లేదు. మదర్‌బోర్డు పోయిందని యజమానికి చెప్పేసిన మర్నాడు, చివరి ప్రయత్నంగా ఎరువు తెచ్చిన ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తే మొదటి నొక్కుకే తెర వెలిగింది. ఆయన అప్పటికే కొత్త బోర్డు ఆర్డరు పెట్టుకుని ఉన్నారు. ఆ సంభాషణ గురించి ఇక్కడ రాయదలచుకోలేదు.

కారణం ఆలోచిస్తే తేలికే. టెస్టర్ ఎస్‌ఎంపీఎస్ మీద మోపే భారం అతి స్వల్పం, నిజమైన కంప్యూటర్ మాత్రం ఆన్ అవుతూనే 12 వోల్టుల వైర్ల నుంచి కొన్ని ఆంపియర్లు లాగుతుంది. లోపల విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లు ఉబ్బి బలహీనపడిన ఎస్‌ఎంపీఎస్ ఉత్త చేతులతో నిటారుగా నిలబడుతుంది, బరువు ఎత్తమంటే కూలబడుతుంది. దీనికి తోడు ఈ టెస్టర్ వోల్టులో పదో వంతు వరకే చూపుతుంది. ఆ వోల్టేజీ మీద ఉండే అలజడిని, అంటే రిపుల్‌ను, అసలే పట్టుకోలేదు. 12 వోల్టుల వైరు మీద అది 120 మిల్లీవోల్టులకు మించకూడదని ప్రమాణం ఉన్నా, కొలవాలంటే వోల్టేజీ హెచ్చుతగ్గులను గీతగా చూపే ఆసిలోస్కోప్ కావాలి. ఈ పరిమితి గురించి తయారీదారు కాగితంలో ఒక్క ముక్క రాసినా నా వారం మిగిలేది.

టెస్టర్ లేకుండా పాతకాలపు పద్ధతి కూడా ఉంది: కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునూ ఏదో ఒక నల్ల (గ్రౌండు) వైరునూ చిన్న తీగతో కలిపి ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడటం. దానితో పోలిస్తే టెస్టర్ వెయ్యి రెట్లు నయం, తప్పు రంధ్రంలో తీగ దూరే భయం ఉండదు. కానీ మల్టీమీటర్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదు. మల్టీమీటర్ మొనను కనెక్టర్ వెనకవైపు నుంచి 12 వోల్టుల పసుపు వైరు పక్కగా దూర్చి, కనెక్టర్ బోర్డుకే ఉండగా బటన్ నొక్కితే, అసలు భారం పడిన క్షణంలో వోల్టేజీ ఎంతకు జారుతోందో కళ్లముందు కనిపిస్తుంది. ఇప్పుడు టెస్టర్ ‘బాగుంది’ అన్న ప్రతిసారీ నేను ఈ పరీక్ష కూడా చేస్తున్నాను. టెస్టర్ ఏం చెప్పినా ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు మించిన విద్యుత్తు ప్లగ్ తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

తరచూ కంప్యూటర్లు విప్పే వారికి ఇది కొనదగిన వస్తువే. సొంత కంప్యూటర్ ఒక్కటే ఉండి అదీ ఎప్పుడో ఒకసారి మొరాయిస్తే ఆ డబ్బుతో మల్టీమీటర్ కొనుక్కోవడం మేలు. కొనదలచిన వారు ముందుగా తమ కంప్యూటర్ మూత తీసి పెద్ద కనెక్టర్ పిన్నులు లెక్కపెట్టుకోవాలి. కొన్ని కంపెనీలు తమ రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో 24 పిన్నుల కనెక్టర్ కాకుండా తమ సొంత రకం వాడతాయి, వాటికి ఈ టెస్టర్ అసలు పట్టదు.