చుక్కకు 120 గజాలు: ఉపగ్రహ చిత్రాలతో నా తొమ్మిదేళ్లు

ఉప్పల్‌లో ఒక చిన్న మ్యాపింగ్ ఆఫీసులో నా ఉద్యోగం. 2016 నుంచి దాదాపు రోజూ ఉచిత ఉపగ్రహ చిత్రాలతోనే పని. ఎక్కువగా యూరప్ వాళ్ల సెంటినెల్-2, పాత సంగతుల కోసం అమెరికా ల్యాండ్‌శాట్, అప్పుడప్పుడు మన ఇస్రో రిసోర్స్‌శాట్. "ఇవి నమ్మొచ్చా?" అని నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు. ఒకసారి రాసి పెట్టుకుంటే అందరికీ పంపించొచ్చని ఇది.

ఉపగ్రహం అనగానే వీధిలో బండి నంబరు కూడా కనిపిస్తుందనుకుంటారు. సెంటినెల్-2లో ఒక పిక్సెల్, అంటే ఒక చుక్క, పదికి పది మీటర్లు. మన లెక్కలో 120 గజాలు. 200 గజాల ప్లాటు రెండు చుక్కలు కూడా నిండదు. ల్యాండ్‌శాట్ చుక్క 30 మీటర్లు, వెయ్యి గజాల పైమాటే. రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 కెమెరాది 5.8 మీటర్లు, అంటే సుమారు 40 గజాలు. దాని డేటా షాద్‌నగర్‌లో దిగి, బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ మీదుగా, చిత్రాలు దించుకునే భూనిధి పోర్టల్‌కి వస్తుంది. 2023 అంతరిక్ష విధానంతో 5 మీటర్లు, అంతకంటే ముతక చిత్రాలు ఉచితమయ్యాయి. కాకపోతే లిస్-4లో నీలం రంగు బ్యాండ్ ఉండదు, కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎరుపుగా చూపిస్తారు కాబట్టి చెట్లు ఎర్రగా కనిపిస్తాయి. మా కాలనీ అంకుల్ మొదటిసారి చూసి "ఇదేంటి బాబూ, కారం చల్లినట్టుంది" అన్నాడు.

ఆ అంకుల్ వల్లే ఈ డేటా అసలు విలువ నాకు అర్థమైంది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక చెరువుల పక్క ప్లాటు కొనాలంటేనే జనానికి టెన్షన్ మొదలైంది కదా. ఆయన పోచారం వైపు ఒక ప్లాటుకి అడ్వాన్స్ ఇవ్వబోతూ నా దగ్గరికి వచ్చాడు. బ్రోకరు చూపించింది ఎండాకాలం ఫొటో. మైదానంలా ఉంది, పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. నేను అదే చోటికి ఏటేటా నవంబరు చిత్రాలు తీశాను. వానలు ఆగి, ఆకాశం తేటగా ఉండి, కుంటలో నీళ్లు ఇంకా తగ్గని నెల అది. మూడేళ్ల చిత్రాల్లో పొడి నేలే. 2020 నవంబరు తెరిస్తే ప్లాటు మీదే మూడు నల్ల చుక్కలు, అంటే నీళ్లు, వాటి పక్కన కుంట. ఆ అక్టోబరు వానలు ఎవరికి గుర్తుండవు? అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

అది శిఖం భూమి, అంటే చెరువు గర్భం, అని నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, తేలేది అలుగు మట్టం పట్టుకుని చేసే కాంటూరు సర్వేతో, ఫొటోతో కాదు. కానీ ఏ ప్రశ్న అడగాలో ఫొటో చెప్పింది. ల్యాండ్‌శాట్ 30 మీటర్ల చిత్రాలు 1980ల నుంచీ ఉన్నాయి, 2008 నుంచి ఉచితం. "లైవ్‌లో చూపిస్తావా" అని అడిగేవాళ్లకి నేనిచ్చే జవాబు ఒకటే: లైవ్ మర్చిపోండి, పాత అల్బమ్ తిరగేయండి.

లైవ్ ఎందుకు కాదంటే, మబ్బు. సెంటినెల్-2 ఉపగ్రహాల జంట ఐదు రోజులకోసారి, పొద్దున పదిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్తుంది. చెరువులు నిండేదీ పొంగేదీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా. సరిగ్గా అప్పుడే తెల్ల దూది తప్ప ఏమీ కనిపించదు. కొన్నేళ్లలో జూలై మొత్తానికి ఒక్క చిత్రమూ పనికి రాలేదు. సముద్రమే లేని మన ఊళ్లో, ప్రగతినగర్‌లో కూర్చుని మత్స్యకారులకు చేపలెక్కడ దొరుకుతాయో చెప్పే ఇన్‌కాయిస్ వాళ్లకి కూడా మబ్బుతో ఇదే తిప్పలు.

మబ్బుని దాటి చూసే రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 ఉంది. నున్నటి నీళ్లు అందులో నల్లగా కనిపిస్తాయి. బేగంపేట రన్‌వే కూడా అంతే నల్లగా ఉంటుంది, కొత్తలో దాన్ని చెరువనుకుని లెక్కేశాను. బస్తీల్లోకి వచ్చిన వరద ఇంకో రకం. నీటికీ గోడకీ తగిలిన సిగ్నల్ రెండుసార్లు మళ్లి వెనక్కొస్తుంది, కాబట్టి మునిగిన వీధి నల్లబడకుండా ఇంకా తెల్లగా మెరుస్తుంది. పొలాల వరదకి రాడార్ భేష్, గల్లీల వరదకి దాన్ని నమ్ముకోవద్దు.

మా ఆఫీసుకి దగ్గర్లో ఒక చెరువు రెండేళ్లలో సగానికి ఎండిపోయిందని రిపోర్టు రాశాను. పంపే ముందు రోజు ఎందుకో బండేసుకుని వెళ్లి చూశా. నీళ్లు నిండుగా ఉన్నాయి, మీద గుర్రపుడెక్క దట్టంగా పరుచుకుంది. ఉపగ్రహానికి అది పచ్చిక. ముక్కు మూసుకుని కట్ట మీద నిలబడి రిపోర్టులో ఆ పేజీ కొట్టేశాను. కోకాపేట టవర్లది దీనికి తిరగేసిన కథ. చలికాలం పొద్దున వాటి నీడలు పదీపన్నెండు చుక్కల పొడవున పడి, చెరువు లేని చోట చెరువు పుట్టిస్తాయి.

పెద్ద దెబ్బ మాత్రం 2022లో తగిలింది. కేబీఆర్ పార్కు పచ్చదనం సూచీ జనవరి చివర్లో ఉన్నట్టుండి పడిపోయింది. చెట్లు కొట్టేశారేమోనని మా సార్ కంగారుపడ్డారు. విషయం ఏమిటంటే, ఆ జనవరి 25 నుంచి సెంటినెల్-2 అంకెలన్నిటికీ 1000 కలిపి ఇస్తున్నారు. సూచీ అంటే పరారుణం, ఎరుపు అంకెల తేడాని వాటి మొత్తంతో భాగించడం. పరారుణం 3000, ఎరుపు 1000 ఉంటే సూచీ 0.5. కలిపాక 4000, 2000 అవుతాయి, సూచీ 0.33. ముందే 1000 తీసేసి లెక్కవేయాలి. నోటీసు ముందుగానే ఇచ్చారు, చదవనిది నేనే. పాత, కొత్త చిత్రాలు కలిపి వాడేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోండి.

చిన్నాచితకా ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. ఫైళ్లు ఒక్కోటి జీబీకి దగ్గరగా ఉంటాయి. మ్యాపుల కోసం భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టే యూటీఎం పద్ధతిలో హైదరాబాద్ 44వ జోన్, వికారాబాద్ 43, రెండూ కలిసే పని వస్తే ఒక పూట పోతుంది.

మొత్తానికి ఈ ఉచిత చిత్రాలకి ఐదుకి నాలుగిస్తాను. తగ్గించిన ఒకటి మబ్బు ఖాతాలో వేయండి. అంకుల్ ఆ ప్లాటు వదులుకుని మేడిపల్లిలో ఎత్తు మీద ఇంకోటి కొన్నాడు. మొన్న వాళ్ల అల్లుడి కోసం మరో సర్వే నంబరు వాట్సాప్‌లో పెట్టాడు, నవంబరు చిత్రాలే కావాలట.