పాత డ్రంకెన్ డ్రైవ్ కేసు ‘లేపేస్తాం’ అనే ఏజెంట్లకు పైసా కట్టొద్దు

18,000 పోయింది, చేతికొచ్చిన ఆఫర్ లెటర్ కూడా పోయింది. నాలాగే బీజీవీ (ఉద్యోగంలో చేర్చుకునే ముందు కంపెనీ చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్) ఫారం ముందు కూర్చుని భయపడేవాళ్లు ఉంటారని రాస్తున్నా.

2017లో ఓ శనివారం రాత్రి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర మెషీన్‌లో ఊదాను. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. నాకు 64 వచ్చింది. తప్పు నాదే, అందులో వాదించడానికేం లేదు. గోషామహల్‌లో కౌన్సెలింగ్‌కి నాన్నని వెంటబెట్టుకెళ్లాను. ఆయన ముందు వరసలో తలొంచుకుని కూర్చున్నారు, ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. కోర్టులో తప్పు ఒప్పుకుని 2,000 కట్టాను. (అప్పటికి ఫైన్ అంతే. 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారికే 10,000 దాకా వేస్తున్నారు.) పీడా పోయిందనుకున్నా.

కొత్త కంపెనీ ఫారంలో ‘ఏ కోర్టులోనైనా ఎప్పుడైనా శిక్ష పడిందా’ అని అడిగారు. చేతులాడలేదు. ఎవరో చెప్తే అమీర్‌పేటలో ఒక ఏజెంట్‌ని కలిశాను. ‘లోపల మనవాళ్లున్నారు సార్, సిస్టమ్‌లోంచే లేపేస్తాం. మీరు మాత్రం నో అని టిక్ పెట్టండి’ అన్నాడు. వారం తర్వాత ఈ-కోర్ట్స్‌లో (కోర్టు కేసుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్) నా కేసు తీసి, స్క్రీన్ మీద ‘డిస్పోజ్డ్’ అన్న ముక్క చూపించి మిగతా డబ్బులు తీసుకున్నాడు. ఊదారంగు స్టాంపు కొట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు.

నా బుర్రకి అప్పుడు తట్టలేదు గానీ, డిస్పోజ్డ్ అంటే విచారణ ముగిసిందని. నేను ఫైన్ కట్టిన రోజు నుంచీ అక్కడ అదే ఉండాలి! నిజంగా తీసేసుంటే అసలు వాడికెలా కనిపించింది? ఆ సైట్‌లో ఎవరైనా పేరు కొట్టి ఉచితంగా వెతుక్కోవచ్చు. వెరిఫికేషన్ వాళ్లూ అక్కడే పట్టుకున్నారు.

హెచ్ఆర్ ఆవిడ ఫోన్లో అన్నమాట ఇంకా చెవిలో ఉంది: ‘కేసు పెద్ద విషయం కాదండీ, నో అని ఎందుకు పెట్టారు?’

ఒకటి తెలుసుకోండి. హెల్మెట్, సిగ్నల్ చలాన్లు ఆన్‌లైన్‌లో కట్టేస్తే అక్కడితో సరి, వాటికి కంగారు పడక్కర్లేదు. తాగి నడిపితే పెట్టే 185 సెక్షన్ అలా కాదు. దాన్ని స్పాట్‌లో కాంపౌండ్ చేసే (కోర్టుకెళ్లకుండా డబ్బు కట్టి ముగించే) వీల్లేదు, మేజిస్ట్రేటు ముందుకెళ్లాల్సిందే, ఫైనే పడినా అది శిక్షే. పైకోర్టు కొట్టేస్తే తప్ప ఏజెంటు చెరిపేది కాదు. ఫారంలో ఉన్నదున్నట్టు రాసి, తీర్పు కాపీ, ఫైన్ రసీదు జతచేయండి. కాపీ పోతే కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెడితే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. నేను ఇప్పుడు ఆ పని మీదే తిరుగుతున్నా.

ఏజెంట్‌కి ఫోన్ చేస్తే ‘ఇంకో 5,000 ఇవ్వండి సార్, పైనుంచి చేయిస్తా’ అంటున్నాడు.