లైవ్ ట్రాన్‌స్క్రైబ్: కౌంటర్లో కూర్చునేవాడి మాట

తహసీల్దార్ ఆఫీసులో అర్జీలు తీసుకునే సీటు నాది. కుడి చెవి దాదాపు పనిచేయదు, ఎడమ చెవికి మిషన్ ఉంది. ఫ్యాను, జిరాక్స్, వరండాలో జనం అన్నీ కలిస్తే ఆ మిషనూ చేతులెత్తేస్తుంది. అందుకే గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే యాప్ వాడుతున్నాను. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఫోన్‌లో తెలుగు అక్షరాలు పడుతుంటాయి. ఉచితం, ఆండ్రాయిడ్ ఫోన్లకే.

ఏఐ అనగానే ఉద్యోగాలు పోతాయంటారు. ఏఐతోనే నడిచే ఈ యాప్ మాత్రం ఒక ఉద్యోగి ఇబ్బంది చూసి పుట్టింది. గూగుల్ పరిశోధకుడు దిమిత్రి కనెవ్‌స్కీకి చిన్నప్పుడే వినికిడి పోయింది. మీటింగుల్లో మాటలు టైపు చేసిపెట్టడానికి ఆయనకు మనుషులు కావాల్సివచ్చేది. అది చూసి తోటి ఉద్యోగులు మొదలుపెట్టిన పని, వాషింగ్టన్‌లోని బధిరుల విశ్వవిద్యాలయం గాలడెట్ సాయంతో 2019 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది.

నాకంటే ఎక్కువ లాభపడింది అర్జీదారులే. అన్నదమ్ముల పంపకం గొడవ చెప్పుకోవాలంటే మునుపు నా కోసం అరవాల్సివచ్చేది, వాళ్లింటి గుట్టు లైన్లో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయేది. ఇప్పుడు ఫోను వైపు వంగి మెల్లగా చెబుతున్నారు. ఒక పెద్దావిడ, "ఇందులో రికార్డవుద్దా నాయనా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. మాట ఇంటర్నెట్ మీద సర్వర్‌కు వెళ్లి అక్షరాలై వస్తుంది. సంభాషణలను తమ సర్వర్లలో దాచిపెట్టుకోబోమని గూగుల్ చెబుతోంది. ఫోన్‌లో మిగిలే హిస్టరీని నేనే ఆపేశాను. అయినా ముందు అడిగాకే ఆన్ చేస్తాను. వద్దంటే కాగితం, పెన్ను ఉన్నాయి.

రొద ఎంత, మాట ఎంత అని తెరమీద ఒక గుండ్రటి గుర్తు చూపిస్తుంది. దాన్ని చూసి, "కాస్త దగ్గరికి రండి" అంటాను. అడంగల్ లాంటి మన ఆఫీసు మాటలు సెట్టింగుల్లో చేర్చుకోవచ్చు. సర్వే నంబర్లు మాత్రం తెర చూసి రాసుకోను, పాస్‌పుస్తకం అడుగుతాను. చెవులు బాగున్నవాళ్లూ చేయాల్సిన పనే అది.

నలుగురూ ఒకేసారి మాట్లాడే మా స్టాఫ్ మీటింగుకు ఇది మందు కాదు. గొంతులు వేరుచేయడం ఇంకా చేయాల్సిన పని అని ఆ పరిశోధకులే 2019లో రాశారు.

ఐదుకు నాలుగిస్తాను. కొత్తగా వాడేవాళ్లు టేబుల్ దగ్గర చార్జింగ్ పాయింటు, ఫోను నిలబెట్టే స్టాండు చూసుకోండి. స్టాండు నా డబ్బుతోనే కొన్నాను, ఏ హెడ్డు కింద బిల్లు పెట్టాలో మా అకౌంట్స్ సెక్షన్‌కీ తోచలేదు మరి.